బాబాయి పట్టిన తప్పులు

ఫిబ్రవరి 4

బాబాయ్‌కి,

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చించి పారేయడానికైనా దీన్ని ఒకసారి చేతిలోకి తీసుకోక తప్పదు కదా.

నాన్న పోయాక ఏడాది పాటు జీపు మీద కప్పిన టార్పాలిన్ తియ్యలేదు. పోయిన వారం తీశాను. ఇటుకల మీద నిలబెట్టిన బండి, ఒంటి నిండా దుమ్ము, అయినా ఠీవి ఎక్కడికీ పోలేదు. బానెట్ ఎత్తితే ఇంజన్ ఉండాల్సిన చోట పిల్లి ఈని ఉంది. అన్నదమ్ములు పంచుకున్న బండిలో పిల్లి కాపురం పెట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

మేనత్త తీర్పు నీకు గుర్తుండే ఉంటుంది. జీపు నాదంటే నాదని మీరిద్దరూ కొట్టుకుంటే, అన్నకు బాడీ, తమ్ముడికి ఇంజన్ అంది. ఒకటి లేకుండా రెండోది కదలదు కాబట్టి ఎప్పటికైనా కలుస్తారని ఆవిడ ఎత్తు. పాపం, మీ మొండితనం ఆవిడ లెక్కకు అందలేదు. నువ్వు ఇంజన్ పట్టుకుపోయి కొండ కింద నీ కర్రల కోతమిషనుకు బిగించావు. నాన్న సాయంత్రమయితే ఆ కదలని జీపులో స్టీరింగ్ పట్టుకుని కూర్చునేవాడు. ఏళ్ళ తరబడి అది చూస్తూ పెరిగాను. అందుకే నువ్వంటే నాకు పడదు. దాచుకోవాల్సిన అవసరమూ లేదు.

ఇక విషయానికొస్తాను. నాకు పని ఇచ్చే పార్శిల్ కంపెనీ సొంత వ్యాన్లు కొనుక్కుంది. నా మూడు చక్రాల బండి షెడ్డులో ఊరికే నిలబడి ఉంది. కొండ మీద సెల్ టవర్లకు డీజిలు, నీళ్ళు, సామాను చేరవేసే పని టవర్ల కంపెనీ వాళ్ళు ఏప్రిల్‌లో మళ్ళీ కొత్తగా ఇస్తారట. నిండు లోడుతో కొండ ఎక్కి దిగాలి, అదే పరీక్ష. ఇన్నాళ్ళూ నువ్వు కొనుక్కున్న వేరే బండితో ఆ పని నీది. ఈసారి నేను వస్తున్నాను. అది రాకపోతే షెడ్డు మూసేసి ఎవరి దగ్గరో డ్రైవరుగా చేరాలి. వస్తే నేను బతుకుతాను, నీ నోటి దగ్గర ముద్దా లాక్కుంటాను.

నీ ఇంజన్ కోసం అడుక్కుంటాననుకోకు. తుక్కుకు పోయిన వ్యాన్‌లోంచి డీజిల్ ఇంజన్ తీసి మా జీపులో పెడుతున్నాను. నువ్వు చూసి కుళ్ళుకోవాలని లెక్క కూడా రాస్తున్నాను. ఇంజన్ నలభై వేలు, బిగించే కూలి ఎనిమిది, రంగు ఐదు, చిల్లర రెండు. అంతా కలిపి యాభై ఐదు. నా చేతిలో తొంభై ఉంది. మిగిలిన దాంట్లో ఒక మంచి హారన్ కొని నీ గేటు ముందు మోగిస్తాను.

పిన్నికి నమస్కారాలు. నీకు లేవు.

నీ అన్న కూతురు


ఫిబ్రవరి 12

చిరంజీవి పిడుగుకు,

ఆశీర్వాదాలు. నీకు అక్కర్లేకపోయినా పెద్దవాణ్ణి కాబట్టి రాస్తున్నాను, ఉంచుకో.

నీ లెక్క చదివాను. ఎందుకు నవ్వుతున్నావని పిన్ని వంటింట్లోంచి వచ్చి అడిగింది. రంగుకు ఐదు వేలు వేసినదానివి గేర్‌బాక్సుకు పైసా వేయలేదు. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఊరేగింపు. ఆ వ్యాన్ ఇంజన్ వెనక బోల్టుల వరస వేరు, మన గేర్‌బాక్సు మీద వరస వేరు. రెండింటికీ మధ్య మందపాటి ఇనుప ప్లేటు ఒకటి లేత్ మీద చేయించాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా క్లచ్ వణుకుతుంది, కొన్నాళ్ళకు గేర్‌బాక్సు బేరింగులు అరుస్తాయి. చవగ్గా చేస్తాననే మేస్త్రి దగ్గరికి మాత్రం వెళ్ళకు.

రెండోది ఇంకా ముచ్చటగా ఉంది. ఆ ఇంజన్ అడుగున నూనె చాంబరు ముందువైపు లోతుగా ఉంటుంది. వ్యానుకు ముందు యాక్సిలు లేదు కాబట్టి దానికేం బాధ లేదు. నీ జీపులో సరిగ్గా ఆ లోతు కిందికే యాక్సిలు వస్తుంది. మొదటి గుంతలో పడగానే రెండూ కొట్టుకుంటాయి, చాంబరు పగిలి నూనె మొత్తం రోడ్డు పాలవుతుంది. ఇదే ఇంజన్ ఉన్న చిన్న లారీలకు వెనకవైపు లోతున్న చాంబరు వస్తుంది. అది వెతుకు. దాంతోపాటు లోపల నూనె లాగే గొట్టం కూడా మార్చాలి. అది నువ్వు మర్చిపోతావని నాకు తెలుసు.

నీ మేలు కోరి చెప్తున్నాననుకునేవు, అంత లేదు. మా అన్న బండి కొండ మధ్యలో ఆగిపోతే జనం నవ్వుతారు, ఆ నవ్వులో నాకూ వాటా వస్తుంది. పైగా తప్పుడు లెక్క కళ్ళబడితే నాకు ముద్ద దిగదు. నువ్వు ఓడిపోవాలి, కానీ లెక్క సరిగ్గా వేసి ఓడిపోవాలి.

కోతమిషను సంగతి కూడా ఎత్తావు. ఆ రోజు బాడీ కూడా నేనే కొంటానన్నాను. తుప్పు పట్టి రాలిపోయినా వాడికివ్వను అన్నాడు మీ నాన్న. అన్నంత పనీ చేశాడు. నేను ఇంజన్‌ని మూలన పడేయకుండా దానికో పని చూపించాను. ఎవరు దాన్ని బాగా చూసుకున్నారో నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ బాబాయి


ఫిబ్రవరి 21

బాబాయ్‌కి,

నువ్వు చెప్పింది అబద్ధమని తేల్చడానికి టేపు పట్టుకుని బండి కింద దూరాను. అబద్ధం కాదు. టేపు విసిరికొట్టి, మళ్ళీ వెతికి తెచ్చుకుని రెండోసారి కొలిచాను.

మా వీధి చివర వెల్డింగ్ షాపాయన, నేను అన్నా అని పిలుస్తాను, ఆయన్ని తీసుకుని తుక్కు యార్డుకు వెళ్ళాను. ఇంజన్ దొరికింది. ఎవరో ముసలి డాక్టరు నడిపిన వ్యాన్‌లోదట, మెల్లగా నడిపేవాడట. తుక్కు యార్డుల్లో బళ్ళన్నీ ముసలి డాక్టర్లవే అయి ఉంటాయి. కుర్రకారు నడిపిన ఇంజన్ ఒక్కటి కూడా అక్కడ దొరకదు. అన్న దాని చెవిలో ఏదో చెప్తున్నట్టు వంగి, చేత్తో తిప్పి, నాలుగు సిలిండర్లలోనూ ఒత్తిడి చూసి, పర్లేదన్నాడు. నలభై అన్నవాణ్ణి ముప్పై ఆరుకు దించాను. బేరంలో నేను నాన్న పోలిక కాదు, నీ పోలిక అని మేనత్త అంటుండేది. అది తిట్టని అప్పట్లో నాకు తెలియదు.

వెనక లోతున్న చాంబరు మూడు షాపులు తిరిగితే దొరికింది. గొట్టం మర్చిపోలేదు. ప్లేటుకు లేత్ మేస్త్రి పన్నెండు వేలు అడిగాడు, ఇచ్చాను. నువ్వు చెప్పావని కాదు, కొలిచి చూసుకుని ఇచ్చాను. హారన్ లెక్కలోంచి తీసేశాను. గేటు ముందు నోటితోనే అరుస్తాను.

పిన్ని మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయి. నీ గురించి రాయనక్కర్లేదు.

అన్న కూతురు


మార్చి 3

చిరంజీవి పిడుగుకు,

ఆశీర్వాదాలు. పిన్ని మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నువ్వు అడిగావని చెప్తే కళ్ళు తుడుచుకుంది. ఆవిడకు ఊరికే కన్నీళ్ళొస్తాయి, నువ్వు పొంగిపోకు.

లెక్కలో ఇంకా కన్నాలున్నాయి. డీజిల్ ఇంజన్ బరువెక్కువ. ముందు చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు ఎప్పటివో, ఇప్పటికే అలిసిపోయి ఉంటాయి, ఈ బరువు పెడితే బండి ముక్కు నేలకు రాస్తుంది. ఒక్కో వైపు రెండేసి పట్టీలు కలిపించు. రేడియేటరు పాతదే ఉంచుతానని కలగంటున్నావేమో, కొండ సగం ఎక్కేసరికి కాఫీ కాచుకోవచ్చు. పెద్దది పెట్టు. చోటు చాలదని వెల్డింగ్ ఆయన ఇంజన్‌ని వెనక్కి జరపమంటాడు. జరపకు. ఇంజన్ జరిగితే గేర్‌బాక్సు జరుగుతుంది, గేర్‌బాక్సు జరిగితే చక్రాలకు వెళ్ళే రెండు షాఫ్టులూ మార్చాలి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. దానికి బదులు రేడియేటరునే ముందుకు జరపమను. ముందు గ్రిల్లు కాస్త కోయాలి. మీ నాన్న ఆత్మ క్షోభిస్తుందేమో. క్షోభించనీ.

ఇంజన్ నంబరు మారుతున్నట్టు రవాణా ఆఫీసులో రాయించావా? అది లేకుండా పరీక్షకు వెళ్తే కొండ మొదట్లోనే పక్కన నిలబెడతారు. అన్నిటికంటే ముందు చేయాల్సిన పని, నీ కాగితంలో ఆఖరున కూడా లేదు. చిల్లర ఖర్చులకు రెండు వేలట. ఇలాంటి పనిలో వేసిన లెక్క మీద మూడో వంతు ఎప్పుడూ పక్కన ఉంచుకోవాలి. అది మిగిలితే నన్ను తిట్టుకో.

పోటీకి వస్తున్నావని ఊళ్ళో అందరికీ చెప్పాను. ఆడపిల్ల ఆ కొండ ఎక్కించలేదులే అన్నారు. మా ఇంటి పిల్ల ఎక్కిస్తుంది, నేను ఓడిస్తాను అన్నాను.

బాబాయి


మార్చి 19

బాబాయ్‌కి,

స్టార్టయింది.

చైన్ పుల్లీకి వేలాడదీసి ఇంజన్ దించుతుంటే పిల్లి గుమ్మంలో కూర్చుని మాకు శాపనార్థాలు పెట్టింది. దాని పిల్లల్ని అట్టపెట్టెలోకి మార్చాను. ప్లేటు గీత గీసినట్టు కూర్చుంది. రేడియేటరు ముందుకు జరిగింది, గ్రిల్లు కోశాం. రవాణా ఆఫీసులో ఇంజన్ నంబరు రాయించాను. అక్కడి గుమస్తా పాత ఇంజన్ ఏమయిందని అడిగితే, చుట్టం ఇంట్లో కర్రలు కోస్తోందని చెప్పాను. నవ్వుతాడనుకుంటే తల పైకెత్తకుండా రాసుకున్నాడు.

తాళం తిప్పితే మొదటిసారి దగ్గింది, రెండోసారి షెడ్డంతా పొగ, మూడోసారి పట్టుకుంది. నాన్న సీట్లో కూర్చుని ఏడ్చాను. అన్న రెంచీలు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ అటు తిరిగాడు.

తర్వాత ఆయనో ప్రశ్న అడిగాడు. మీ బాబాయి నీకు పగవాడా, మేస్త్రీనా అని. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నువ్వు నాకెందుకు చెప్తున్నావు? నీ పని లాక్కుంటానని చెప్పినదాన్ని కూర్చోబెట్టి పట్టీల లెక్క చెప్తావా? ఆలోచించగా ఆలోచించగా తెలిసింది. నేను వేసిన లెక్క యాభై ఐదు. నువ్వు వేలు పెట్టాక ఎనభై ఏడయింది. చేతిలో మిగిలింది మూడు వేలు. ఒక్కొక్కటే చెప్పి, ప్రతిదీ నిజమే చెప్పి, పరీక్ష నాటికి నా జేబు ఖాళీ చేయడమే నీ ఎత్తు. తియ్యటి మాటతో గొంతు కోసేవాళ్ళను చూశాను. నిజంతో కోసేవాణ్ణి నిన్నే చూశాను.

కానీ ఆలస్యమయింది. బండి తయారయింది. ఇంక నీ సలహాలకు ఇక్కడ చోటు లేదు.

అన్న కూతురు


మార్చి 27

అమ్మాయ్,

ఈసారి వెటకారం లేదు. చివరిదాకా చదువు.

ఎక్కించేది ఇంజన్, దించేది బ్రేకులు. నీ బండి ఇప్పుడు పాతదానికంటే బరువు. పాత పెట్రోలు ఇంజన్ కాలు తీయగానే తనే బండిని వెనక్కి పట్టేది, డీజిలు అంతగా పట్టదు. లోడు కూడా మీ నాన్న ఎన్నడూ వేయనంత వేస్తున్నావు. బ్రేకు డ్రమ్ములు మాత్రం అవే. చక్రాల దగ్గర సిలిండర్లలో రబ్బర్లు ఏళ్ళ తరబడి కదలక ఎండిపోయి ఉంటాయి. షెడ్డు చుట్టూ ఖాళీ బండి తిప్పితే బాగానే ఆగుతుంది, అది చూసి మోసపోతావు. నిండు లోడుతో కొండ దిగుతూ తొక్కుతూనే ఉంటే డ్రమ్ములు కాలతాయి, లోపల బ్రేక్ ఆయిల్ మరుగుతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. నా గేటుకు పైనున్న వంపు నీకు తెలుసు. అవతల లోయ.

డ్రమ్ములు, సిలిండర్లు, డ్రమ్ముల్లో రాసుకునే లైనర్లు, గొట్టాలు మొత్తం మార్చాలి. ఇరవై వేలవుతుంది. ఇది మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది, ఇంజన్ దొరకదులే అనుకుని ఊరుకున్నాను. డబ్బు లేకపోతే ఈసారి పరీక్షకు వెళ్ళకు. వచ్చే ఏడాది వెళ్ళు.

బాబాయి


ఏప్రిల్ 4

బాబాయ్‌కి,

చివరిదాకా చదవమన్నావు, చదివాను. అసలు మాట చివర్లోనే ఉంది. ఈసారి వెళ్ళకు, వచ్చే ఏడాది వెళ్ళు. ఆ ఒక్క మాట కోసం ఇన్ని ఉత్తరాలు రాశావన్నమాట. పాపం చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది.

నా దగ్గర మూడు వేలున్నాయని నేనే రాశాను. పది రోజులు తిరక్కుండా ఇరవై వేల ఖర్చు చూపించావు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? లోయలో పడేది నేను, కంగారు నీకా? నాన్న పోయినప్పుడు గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా తిరిగి వెళ్ళిపోయినవాడివి. ఆ రోజు లేని ప్రేమ నా బ్రేకుల మీద ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది?

బ్రేకులు చూశాను. రోడ్డు మీద తొక్కాను, ఆగింది. ఆయిల్ కొత్తది పోశాను. లైనర్లు గరుకు కాగితంతో రుద్దించాను. అంతవరకే. పద్దెనిమిదిన వస్తున్నాను. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చో, నాన్న బండి నీ వస్తువు ఒక్కటి కూడా లేకుండా కొండ ఎక్కడం కళ్ళారా చూద్దువుగాని. ఈ పదేళ్ళలో నేను కోరుకున్నది అదొక్కటే.

అన్న కూతురు


ఏప్రిల్ 9

అమ్మాయ్,

నువ్వు వినవు. మా అన్న కూతురివి, ఎందుకు వింటావు.

మీ నాన్న పోయినప్పుడు గుమ్మం దాకా వచ్చాను. లోపల ఆయన పక్కన కూర్చుని నువ్వు నన్ను చూశావు. ఆ చూపు దాటుకుని లోపలికి రాలేకపోయాను. దాని గురించి ఇంతకుమించి రాయను.

దిగేటప్పుడు మొదటి గేరులోనే ఉండు. మార్చకు.

బాబాయి


ఏప్రిల్ 20

బాబాయ్‌కి,

నువ్వు ఇంత పని చేస్తావని మాత్రం అనుకోలేదు. ఏం చేసినా ఎదురుగా నిలబడి చేస్తావనుకున్నాను.

నీ బండి ముందు ఎక్కి దిగింది, సరే. తర్వాత నాది. నిండు లోడు, పన్నెండు చిన్న డీజిలు డ్రమ్ములు. ఎక్కడా దగ్గలేదు, ఎక్కడా ఆగలేదు, రేడియేటరు చల్లగా ఉంది. పైన టవర్ల దగ్గర కంపెనీ ఇన్‌స్పెక్టరు చేతి గడియారం చూసుకుని నీ బండికంటే త్వరగా వచ్చిందన్నాడు. ఆ క్షణం నువ్వు పక్కనుంటే బాగుండేదనిపించింది. నీ మొహం చూడాలని.

దిగడం కూడా బాగానే దిగాను. పెడల్ కొంచెం మెత్తబడింది, అంతే. నువ్వన్న ఆ వంపు దగ్గర గట్టిగా తొక్కాల్సి వచ్చింది, బండి కాస్త ఎక్కువ జారింది, నేను ఎలాగో గేరుతో పట్టుకునేదాన్నే. కానీ వంపు తిరిగేచోట ఇసుక గుట్ట. పొద్దున ఎక్కేటప్పుడు చూశాను, రోడ్డు పక్కన అంచు పొడుగునా ఉంది, ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారనుకున్నాను. దిగేటప్పుడు అదే గుట్టలోకి ముక్కు దాకా దూరిపోయాను. పెదవి చిట్లింది. రెండు డ్రమ్ములు దొర్లిపోయాయి.

నువ్వు కాళ్ళకు చెప్పుల్లేకుండా గేటులోంచి పరిగెత్తుకుంటూ వచ్చావు. ఇసుక ఎవరిదని నీ మొహం మీదే అడిగాను. నాదే అన్నావు. మర్నాడే టవర్ల కంపెనీకి ఫిర్యాదు రాసిచ్చాను. పరీక్ష రోజు దారిలో సామాను పోయకూడదని నిబంధన ఉందట. పోటీదారుడే పోయించాడని తేలింది కాబట్టి నిన్ను తీసేశారు, ఇసుక వల్లే ఆగానని నా పరీక్ష గెలిచినట్టు రాసి పని నాకిచ్చారు. నీ గుట్ట నీ మెడకే చుట్టుకుంది.

ఇన్నేళ్ళ తర్వాత కడుపు నిండా భోంచేశాను.

అన్న కూతురు


ఏప్రిల్ 29

అమ్మాయ్,

కంపెనీ కాగితం అందింది. నీ ఫిర్యాదులో అబద్ధం ఏమీ లేదు, ఇసుక నేనే పోయించాను. ఎందుకు పోయించానో నువ్వు అడగలేదు, ఇన్‌స్పెక్టరూ అడగలేదు. అడగనివాళ్ళ వెంటపడి చెప్పే అలవాటు నాకు లేదు.

బండి అమ్మేస్తున్నాను. ఇక నాకు లెక్కలు పంపకు.

బాబాయి


మే 13

బాబాయ్‌కి,

పని మొదలుపెట్టే ముందు చక్రాలు విప్పించాను. ఎందుకు విప్పించానో నాకే తెలియదు, లోపల ఏదో గుచ్చుతూ ఉంది. ముందు రెండు చక్రాల్లోనూ రబ్బర్లు మాడి బొగ్గయ్యాయి. ఆయిల్ నల్లగా కారి లైనర్లను తడిపేసింది. అన్న ఒక రబ్బరు తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తర్వాత, ఆ వంపు దగ్గర నీకు బ్రేకులు లేవమ్మా అన్నాడు. కొంచెం కూడా లేవా అని అడిగాను. లేవన్నాడు.

మర్నాడు బస్సెక్కి వచ్చి ఆ వంపు దగ్గర నడిచి చూశాను. ఇసుక ఇంకా ఉంది. రోడ్డు మీద గుప్పెడు కూడా లేదు. లారీ పోయేంత దారి వదిలేసి, సరిగ్గా లోయ అంచు వెంట, నడుమెత్తున గోడ కట్టినట్టు పోయించావు. దారికి అడ్డం పెట్టేవాడు దారి వదిలేసి అంచున ఎందుకు పోస్తాడు? నీ గేటు కొట్టాను. పిన్ని వచ్చింది. ఆయన పడుకున్నాడమ్మా అంది. వెనకాల కిటికీలో నువ్వు నిలబడి ఉన్నావు. పిన్నికి అబద్ధం చెప్పడం ఎప్పటికీ చేతకాదు.

కంపెనీకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏడాదికి సంతకాలైపోయాయి, మీ ఇంటి గొడవలు మాకెందుకన్నారు. నేను వదిలేసుకుంటే మూడోవాడికిస్తారట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని నువ్వంటావు. అను. పిడుగా అని పిలిచి అను. నా పగంతా ఎటు పోయిందో తెలియట్లేదు, దాని చోటు మాత్రం ఖాళీగా ఉంది. నీకింత చేసి నేను ఆ కొండ ఎక్కలేకపోతున్నాను, ఎక్కకపోతే షెడ్డు మూతపడుతుంది.

కంపెనీ ఇచ్చిన అడ్వాన్సుతో బ్రేకులు మొత్తం మార్పించాను. ఇరవై కాదు, పద్దెనిమిదిన్నర అయింది. నీ లెక్క ఒక్కసారి తప్పింది. అందుకైనా జవాబు రాయి.

నీ పిడుగు


జూన్ 6

బాబాయ్‌కి,

జవాబు లేదు. పోనీ. బండికి సంబంధించిన కొత్త లెక్క ఒకటి ఉంది, ఊరికే తెలియజేస్తున్నాను.

వానలొస్తున్నాయి కదా, బరువు తగ్గిద్దామని నువ్వు వేయించిన పట్టీలు రెండు తీయించేస్తున్నాను. పెద్ద రేడియేటరు అమ్మేసి చిన్నది పెడితే నాలుగు వేలు వెనక్కొస్తాయి. ఇంజన్‌ని జానెడు వెనక్కి జరుపుతున్నాను, షాఫ్టులు అవే సరిపోతాయని లేత్ మేస్త్రి అన్నాడు. చాంబరులో నూనె మాటిమాటికీ మార్చడం దండగ, ఏడాదికోసారి చాలు. అన్నీ కలిపి ఏడు వేలు ఆదా.

మంగళవారం, శుక్రవారం నీ గేటు ముందు నుంచే వెళ్తున్నాను. ఎప్పుడూ మూసే ఉంటుంది. కోతమిషను చప్పుడు వినిపిస్తుంది, నేను దగ్గరికి రాగానే ఆగిపోతుంది.

నీ పిడుగు


జూన్ 28

బాబాయ్,

పోస్ట్‌మాన్‌ని అడిగాను. నా ఉత్తరాలు నువ్వే చేతికి తీసుకుంటున్నావట, అక్కడే నిలబడి చదువుతున్నావట. అంటే పోయిన ఉత్తరంలో తప్పులన్నీ చూశావు. అవి కావాలనే రాశాను. పట్టీలు తీయలేదు, రేడియేటరు అమ్మలేదు, ఇంజన్ ఎక్కడిదక్కడే ఉంది. తప్పుడు లెక్క చూస్తే ముద్ద దిగదన్నావని అలా రాశాను.

ఇప్పుడు ఇంకోటి చెప్తాను విను. వెనక చక్రాల బ్రేకులు రెండూ పీకేసి తుక్కుకు అమ్ముతాను. ముందువి కొత్తవే కదా, అవి చాలు. లోడు ఇంకో నాలుగు డ్రమ్ములు పెంచుతాను. దిగేటప్పుడు డీజిలు మిగలాలని గేరు తీసేసి వదిలేస్తాను. ఇవన్నీ కలిపి నెలకు ఆరు వేలు ఆదా. ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో చిన్నపిల్లవాడు కూడా చెప్తాడు.

నువ్వు చెప్పు బాబాయ్. ఒక్కటి పట్టుకో చాలు. ఎంత బుద్ధి తక్కువదానివే అని ఒక్క ముక్క రాయి. తిట్టేవాళ్ళు లేక బండి కూడా బోసిపోయింది, నేనూ బోసిపోయాను.

నీ పిడుగు


జూలై 8

జీపు యజమానురాలు గారికి,

నమస్కారం. మీరు పంపిన లెక్కలు రెండూ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడా తప్పు కనిపించలేదు.

ఇట్లు,
కోతమిషను యజమాని